చంటిబిడ్డతో పచ్చళ్ళ వ్యాపారం: ముందు నీ గంటలకి వెల కట్టు

చెల్లెమ్మా, నీకంటే పద్దెనిమిదేళ్ళు పెద్దదాన్ని కాబట్టి నువ్వు అనే అంటున్నాను, ఏమీ అనుకోకు. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. తెనాలిలో ఇంటి దగ్గరే పచ్చళ్ళు, పొడులు చేసి అమ్ముతున్నావు. మొదలుపెట్టి ఏడాదిన్నర. పెద్దబాబు ఎల్‌కేజీ, చిన్నపాపకి తొమ్మిదో నెల. నెలకి 55 వేలదాకా అమ్మకాలున్నాయి, అయినా నెలాఖరుకి పాలవాడికి ఇవ్వడానికి మీ ఆయన్నే అడగాల్సి వస్తోంది. రాత్రి ఒంటిగంటదాకా ప్యాకింగ్. మీ అత్తగారు మోకాళ్ళ నొప్పులతోనే పాపని ఎత్తుకుంటున్నారు. "ఈ గోలంతా ఎందుకు, ఏదైనా స్కూల్లో టీచరుగా చేరు" అని మీవాళ్ళు అంటున్నారు. నువ్వు అడిగినవి రెండు ప్రశ్నలు. వ్యాపారం ఆపేయాలా? పిల్లల్ని నిర్లక్ష్యం చేస్తున్నానా?

నేను రాజమండ్రిలో పదిహేడేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. మొదలుపెట్టేనాటికి మా అమ్మాయికి మూడేళ్ళు, రెండో ఏడు బాబు పుట్టాడు. ఇప్పుడు నా దగ్గర ఆరుగురు ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. మొదటి నాలుగేళ్ళు మాత్రం అచ్చం నువ్వు రాసినట్టే గడిచాయి.

ఇల్లూ వ్యాపారమూ రెండూ ఎలా నెట్టుకురావాలి అని ఎవరినడిగినా టైమ్‌టేబుల్ చెప్తారు. పొద్దున నాలుగున్నరకి లేవాలి, పిల్లలు లేచేలోపు వంట అయిపోవాలి, మధ్యాహ్నం పాప పడుకున్నప్పుడు ఆర్డర్లు చూసుకోవాలి, ఇలా. నేను కూడా గోడకి అంటించుకున్నాను అలాంటిది. దానివల్ల నిద్ర తగ్గింది తప్ప ఇంకేమీ మారలేదు. ఎందుకంటే నా ఇబ్బంది గడియారంలో లేదు, రేటులో ఉంది. నేను అమ్మే రేటులో నా శ్రమకి పైసా కూడా లేదు. శ్రమకి డబ్బు రాకపోతే సాయానికి మనిషిని పెట్టుకోలేం. మనిషి లేకపోతే ఆ పని మనమే చేయాలి. అప్పుడు ఆ గంటలు ఎక్కడినుంచి వస్తాయి? నిద్రలోంచి, ఆ తర్వాత పిల్లల దగ్గర్నుంచి. నీ లెక్క చూస్తే నీకూ అదే జరుగుతోందనిపించింది.

నీ ఆవకాయ లెక్కే తీసుకుందాం. కిలో 350కి ఇస్తున్నానన్నావు, సరుకు ఖర్చు 235 అన్నావు. కాయలకి 60, పప్పునూనెకి 100, కారానికి 42, ఆవపిండికి 16, వెల్లుల్లి, మెంతులు, ఉప్పు కలిపి 17. ఈ లెక్క బాగానే వేశావు, చాలామంది ఇంతకూడా వేయరు. "కిలోకి 115 మిగులుతోంది" అని రాశావే, అక్కడే తప్పిపోయావు. సీసా, లేబుల్, సీల్ వేసే కవరు, అట్టపెట్టె, మిక్సీ కరెంటు, నూనె కారిపోయి మళ్ళీ పంపినవి, బస్సు పార్సిల్ దగ్గరికి ఆటో. ఇవన్నీ కిలోకి 60 దాకా వస్తాయి, తక్కువ వేసి చెప్తున్నాను. మిగిలింది 55.

ఇప్పుడు గంటలు లెక్కపెట్టు. పది కిలోల ఆవకాయకి కాయలు కడిగి, తుడిచి, ముక్కలు కొట్టి, జీడి తీసి, లోపలి పొర గీకి, మళ్ళీ గుడ్డతో తుడిచి, కలిపి, మూడోనాడు తిరగకలిపి, సీసాలకెత్తి, పెట్టెలు కట్టి, "అక్కా ఎప్పుడొస్తుంది" అన్న ప్రతి మెసేజికీ జవాబిచ్చేసరికి నాకైతే 14 గంటలు పట్టేది. నీకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. పది కిలోల మీద మిగిలేది 550. దాన్ని 14తో భాగించు. గంటకి 39 రూపాయలు.

పాపని చూసుకోవడానికి మనిషిని పెడితే నెలకి 9 వేలు అడుగుతున్నారని రాశావు. నెలకి 26 రోజులు, రోజుకి 8 గంటలు వేసుకుంటే గంటకి 43 పడుతుంది. నువ్వు పచ్చడి పెడితే వచ్చేదానికంటే నీ బిడ్డని ఎత్తుకునే మనిషికి ఇవ్వాల్సిందే ఎక్కువ. అందుకే ఆ మనిషిని పెట్టుకోలేకపోతున్నావు. ఆ భారమంతా జీతం లేకుండా మీ అత్తగారి మోకాళ్ళ మీద పడింది.

నీ గంటకి 80 వేసుకో. 14 గంటలకి 1,120, అంటే కిలోకి 112. సరుకూ ప్యాకింగూ 295. రెండూ కలిపితే 407. పాడైనవాటికీ, కొత్త గిన్నెలకీ, వచ్చే ఏడు సరుకు కొనడానికీ కొంత వేసుకుంటే నీ ఆవకాయ రేటు 480. "ఇంత పెడితే ఎవరూ కొనరక్కా" అంటావు. కొందరు కొనరు, నిజమే. నేను మొదటిసారి పెంచినప్పుడు నలుగురిలో ఒకరు వెళ్ళిపోయారు. వాళ్ళలో మా సొంత పెద్దమ్మ కూతురు కూడా ఉంది. వారం రోజులు అన్నం సహించలేదు. ఆ నెల లెక్క చూసుకున్నాకే స్థిమితపడ్డాను. నీకూ వేసి చూపిస్తాను. ఇప్పుడు నెలకి వంద కిలోలు అమ్మితే నీకు మిగిలేది 5,500, అందుకు నువ్వు పెట్టేది 140 గంటలు. 480కి అరవై కిలోలే అమ్మావనుకో, కిలోకి 185 చొప్పున 11,100 మిగులుతుంది. గంటలేమో 84. నలభై కిలోలు తగ్గినా డబ్బు రెట్టింపయింది, 56 గంటలు ఇంటికొచ్చాయి. ఏ టైమ్‌టేబులూ ఇన్ని గంటలు తెచ్చివ్వదు.

రేటు ఒక్కరోజులో పెంచకు. కొత్త కాయతో పెట్టే మొదటి వాయి నుంచి కొత్త రేటు అని పదిహేను రోజుల ముందే పాతవాళ్ళకి చెప్పు. సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. పప్పునూనె గానుగ దగ్గర తెస్తున్నావు, కారం నువ్వే ఆడిస్తున్నావు. అది రాసిపెట్టు చాలు.

అమ్మకాలు బాగున్నా చేతిలో డబ్బు ఎందుకు ఉండట్లేదన్నదానికి ఇంకో కారణం కూడా ఉంది. మన వ్యాపారంలో డబ్బు జాడీల్లో ఉంటుంది. గుంటూరు వైపు కొత్త మిరప ఫిబ్రవరి, మార్చిలో బాగా దిగుతుంది, ఏడాదికి సరిపడా అప్పుడే కొంటాం. కాయ ఏప్రిల్, మే నెలల్లో. చింతకాయ, పండుమిరప చలికాలంలో. ఆ మూడు సీజన్లలో పెట్టిన డబ్బు మళ్ళీ చేతికి రావడానికి దసరా, సంక్రాంతి దాకా ఆగాలి. మే నెలలో ఖాతాలో పడిన డబ్బు చూసి లాభం అనుకుంటాం. అది లాభం కాదు, వచ్చే ఏడు మిరపకాయలు. ఆ డబ్బుతో బాబు స్కూలు ఫీజు కట్టేస్తే ఫిబ్రవరిలో మిరపకాయలకి అప్పు చేయాల్సొస్తుంది. నేను మూడేళ్ళు వరసగా ఇలా చేసి, మూడేళ్ళూ నా గాజులు తాకట్టు పెట్టాను.

అందుకని ముందు ఖాతాలు వేరు చెయ్యి. వ్యాపారానికి ఒక బ్యాంకు ఖాతా, దానికో క్యూఆర్ కోడ్. ఇంటికి ఇంకోటి. పచ్చడి డబ్బు ఒక్క రూపాయి కూడా ఇంటి ఖాతాలో పడకూడదు. నెల మొదటి తారీకున వ్యాపారం ఖాతా నుంచి నీ పేరు మీద జీతం పంపుకో. మూడు వేలైనా సరే. పాలవాడికి ఇవ్వాల్సింది ఆ జీతంలోంచి ఇవ్వు. మధ్యలో ఇంటికి అవసరమొచ్చి వ్యాపారంలోంచి తీస్తే పుస్తకంలో "ఇంటికి అప్పు" అని రాసి తారీకు వెయ్యి. తీర్చగలిగినా తీర్చలేకపోయినా రాయడం మాత్రం మానకు. మా ఆయన ఆ పుస్తకం చూసిన రోజునే, ఇల్లు నా వ్యాపారాన్ని పోషించట్లేదు, నా వ్యాపారమే ఇంటిని పోషిస్తోంది అని ఒప్పుకున్నాడు. అంతకుముందు నేను నోటితో ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు.

మా పుట్టిల్లు నెల్లూరు జిల్లా, కావలి దగ్గర పల్లెటూరు. తొంభైల మొదట్లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచాక మా వైపు పొదుపు సంఘాలు ఊరూరా వచ్చాయి. మా అమ్మ రోజుకో రూపాయి చొప్పున కట్టేది. చదువు రాదు, అయినా ఎంత పొదుపయిందో, ఎవరెంత బాకీ ఉన్నారో నోటికి చెప్పేది. డిగ్రీ చదివిన నేను నా వ్యాపారానికి నాలుగేళ్ళు లెక్క పుస్తకం పెట్టలేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఇక పాప విషయం. ఇది నిమ్మళంగా చదువు.

తొమ్మిదో నెలంటే పాకుతుంది, పట్టుకుని నిలబడుతుంది, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. కారం కలిపే చోటికీ నూనె కాచే పొయ్యి దగ్గరికీ పాప రాకూడదు. గుమ్మానికి అడ్డంగా చెక్క పెట్టించు, వడ్రంగి ఒక్కపూటలో కొట్టిస్తాడు. మా బాబు ఎనిమిది నెలల వాడప్పుడు, పండుమిరప తొక్కి చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని పాలిచ్చాను. ముంజేతి మీద, గాజుల కింద కారం ఉండిపోయింది. వాడు తల తిప్పినప్పుడు కంటికి తగిలింది. గంటన్నర ఏడ్చాడు. చల్లటి నీళ్ళతో కడుగుతూ నేనూ ఏడ్చాను. అప్పటినుంచి కారం పనికి వేరే రోజు పెట్టుకున్నాను. ఆ రోజు మోచేతుల దాకా గ్లౌజులు, పాత చీర. గాజులు, ఉంగరాలు తీసేస్తాను. పని కాగానే ముందు చేతులకి నూనె రాసుకుని తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడుక్కుంటాను, కారం ఘాటు నూనెకి వదిలినట్టు నీళ్ళకి వదలదు. తలస్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే బిడ్డని ముట్టుకుంటాను. నువ్వు కూడా వారంలో రెండే రోజులు కారం పని పెట్టుకో. ఆ రెండు రోజులూ పాప పూర్తిగా ఇంకొకరి చేతిలో ఉండాలి. మిగతా రోజులు లేబుళ్ళు, ప్యాకింగు, లెక్కలు, ఫోన్లు. అవి పాప పక్కన ఆడుకుంటున్నా చేసుకోవచ్చు.

పాపకి జ్వరమొచ్చిన రోజు వాయి పెట్టకు. నేను పెట్టాను. ఒక చెయ్యి బిడ్డ నుదుటి మీద, ఒక చెయ్యి ముక్కల మీద. తుడవడం సరిగా కాలేదు, తడి ఉండిపోయింది. మూడో వారానికల్లా పన్నెండు కిలోలు బూజు పట్టాయి. అప్పటికే సగం హైదరాబాద్, బెంగుళూరు వెళ్ళిపోయాయి. అందరికీ ఫోన్ చేసి, తినొద్దని చెప్పి, డబ్బు వెనక్కిచ్చాను. "రెండు రోజులు ఆలస్యమవుతుంది, బాబుకి ఒంట్లో బాలేదు" అని ఒక్క మెసేజి పెట్టుంటే ఎవరూ కాదనేవాళ్ళు కాదు. అందుకే ఇప్పుడు మూడు రోజుల్లో అయ్యేదానికి ఎనిమిది రోజులు చెప్తాను. అనుకున్నదానికంటే ముందే అందితే వాళ్ళకీ సంతోషమే.

ఫోన్ సంగతి. రాత్రి పదకొండింటికి కూడా జవాబిస్తున్నానన్నావు. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో నువ్వు లేని వేళల్లో దానంతటదే మెసేజి వెళ్ళే ఏర్పాటుంది. "ఆర్డర్లు పొద్దున 10 నుంచి 12, మధ్యాహ్నం 3 నుంచి 4:30" అని పెట్టు. మొదటి వారం కంగారుగా ఉంటుంది, తర్వాత అందరికీ అలవాటైపోతుంది.

మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉండగా నా ఆర్డర్ పుస్తకంలోంచి ఒక కాగితం చించి, నేను రాసుకునే పద్ధతిలోనే రాసి నా చేతికిచ్చింది. పేరు దగ్గర తన పేరు. ఐటమ్ దగ్గర "కథ, 1". ఎప్పటికి అన్నచోట "ఈ రోజు". ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఆ రోజు నుంచి సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా ఫోన్ కూడా అదే బీరువాలో ఉంటోంది. రోజంతా పిల్లలతో ఉండలేను. ఆ గంటన్నర మాత్రం సంక్రాంతి రద్దీలో కూడా వదల్లేదు. నువ్వు నిర్లక్ష్యం చేస్తున్నావా అని అడిగావు. పిల్లల్ని పట్టించుకోని తల్లి ఒంటిగంటదాకా ప్యాకింగ్ చేసి, ఆ తర్వాత కూర్చుని ఈ ప్రశ్న రాయదు. కాకపోతే మీ పెద్దబాబుకి రోజులో నువ్వు ఎప్పుడు తనదానివో తెలియాలి. ఆ వేళ ఏదో నువ్వే పెట్టి, వాడికి చెప్పు.

అత్తగారి గురించి. ఆవిడ చేస్తున్నది సాయం కాదు, పని. దానికి వ్యాపారం డబ్బివ్వాలి. నేను మా అత్తగారికి నెలకి 1,500 ఇస్తానంటే "కోడలి దగ్గర జీతం తీసుకుంటానా" అని కోప్పడింది. మారుమాట్లాడకుండా ఆవిడ పేరు మీద పోస్టాఫీసులో ఆర్‌డీ కట్టడం మొదలుపెట్టాను. ఐదేళ్ళ తర్వాత ఆ డబ్బుతో కాశీ వెళ్ళొచ్చింది. "నా మనవణ్ణి పెంచిన డబ్బు" అని అందరికీ చెప్పుకునేది. మీ అత్తగారి మోకాళ్ళు బాలేవు కాబట్టి ఎత్తుకునే పని ఆవిడకి పెట్టొద్దు. పూటకి నాలుగు గంటలు ఒక మనిషిని పెట్టు, అత్తగారు కూర్చుని కనిపెట్టుకుని ఉంటే చాలు. రేటు పెంచాక మిగిలే డబ్బులో మొదటి ఖర్చు ఇదే కావాలి, మిక్సీలూ మిషన్లూ తర్వాత.

మీ ఆయన "ఏదైనా ఉంటే చెప్పు, చేస్తాను" అంటాడని రాశావు. మంచివాడే. చెప్పడం కూడా ఒక పనే కదా, అది కూడా నీ మీదే ఉంది. పనులు విడగొట్టి ఇచ్చేయ్. బాబుని పొద్దున తయారుచేసి స్కూలు ఆటో ఎక్కించడం, ఆదివారం పార్సిళ్ళు, నెలాఖరు లెక్క. అవి ఆయనవి. మర్చిపోతే గుర్తుచేయకు, ఒకసారి స్కూలు ఆటో తప్పిపోతే ఆయనకే గుర్తుంటుంది.

కాగితాల విషయం త్వరగా చెప్తాను. ఆహార వస్తువు అమ్ముతున్నావు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఇంట్లో చేసినా సరే. నేను తీసుకున్నప్పుడు ఫీజు ఏడాదికి 100 రూపాయలే. దళారీకి వేలు పోయకు, ఆన్‌లైన్‌లో నువ్వే చేసుకోవచ్చు. ఆ 14 అంకెల నంబరు లేబుల్ మీద వెయ్యాలి. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. జీఎస్టీ దగ్గర చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఆంధ్రాలో సరుకు అమ్మేవాళ్ళకి ఏడాదికి 40 లక్షల దాకా అక్కర్లేదని విని ఊరుకుంటారు. అది రాష్ట్రం లోపల అమ్మితేనే. నీ ఆర్డర్లలో సగం హైదరాబాద్‌వి. తెనాలి నుంచి హైదరాబాద్ అంటే ఇప్పుడు వేరే రాష్ట్రం. పచ్చడిలాంటి పన్ను పడే సరుకు వేరే రాష్ట్రానికి అమ్మితే, అమ్మకం ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ కావాలి. ఊళ్ళో మంచి అకౌంటెంట్‌ని ఒకసారి కూర్చోబెట్టి అడుగు, ఆ ఫీజు దండగ కాదు. ఆదాయపు పన్ను కట్టాల్సింది ఏమీ లేకపోయినా రిటర్న్ వెయ్యి. రేపు బ్యాంకులో అప్పు కావాలంటే అదే నీకు సాక్ష్యం.

అప్పు ఇప్పుడే వద్దు. చిన్న వ్యాపారాలకి అప్పిచ్చే ప్రభుత్వ పథకం ముద్రలో, శిశు అనే రకం కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, కాదనను. కానీ నీ రేటు తప్పుగా ఉండగా అప్పు తెస్తే, తప్పు రేటుకి ఇంకా ఎక్కువ పచ్చడి పెడతావు, అంతే. బాబుకి ఐదో నెలప్పుడు నేను రెండు లక్షలు అప్పు చేసి ప్యాకింగ్ మిషన్ కొన్నాను. నడిపే మనిషి లేక ఎనిమిది నెలలు దాని మీద దుప్పటి కప్పి ఉంచాను. చివరికి సగం ధరకి అమ్మేశాను. కిస్తీలు మాత్రం మూడేళ్ళు కట్టాను.

ఇంకో మాట కూడా తెలుసుకో. ఉద్యోగం చేసే తల్లికి చట్టం జీతంతో 26 వారాల సెలవిచ్చింది. మనలాంటివాళ్ళకి అలా ఎవరూ ఇవ్వరు. పాప పుట్టిన 40వ రోజునే పొయ్యి దగ్గరికి వెళ్ళానని రాశావు, చదివి మనసు కలుక్కుమంది. అయిపోయినదానికి ఏమీ చేయలేం. ఇకనుంచైనా వ్యాపారం ఖాతాలోంచి నెలకి కొంత వేరే తీసిపెట్టు, నువ్వు పడుకోవాల్సొస్తే రెండు నెలలు ఇల్లు నడిచేటంత అయ్యేదాకా. నా దగ్గర చేరిన పిల్ల ఒకతె పోయినేడు ప్రసవానికి వెళ్తే మూడు నెలలు సగం జీతం పంపాను. నాకు దొరకనిది ఆమెకి ఇవ్వగలిగాను. దానికి ఆధారం కూడా ఆ 480 లాంటి లెక్కే.

పనిని ఇంటికి తగ్గట్టు మలచడమూ ఉంది. లిజ్జత్ పాపడ్ సంగతి తెలుసుగా. 1959లో ముంబైలో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చి మొదలుపెట్టారు. పొద్దున వెళ్ళి పిండి తెచ్చుకుని, ఇంట్లో తమకి వీలైన వేళల్లో అప్పడాలు ఒత్తి, ఎండబెట్టి తిరిగి అప్పజెప్పడం వాళ్ళ పద్ధతి. అది ఆడవాళ్ళకి చేసిన మేలు మాత్రమే కాదు, వ్యాపారం నిలబడడానికి కారణం కూడా అదే అనుకుంటాను. నేను వెల్లుల్లి ఒలిచే పని అలాగే పంచాను. మా వీధిలో ఇద్దరు పెద్దవాళ్ళు టీవీ చూస్తూ ఒలుస్తారు, కిలోకింత అని ఇస్తాను. నువ్వు రాత్రిపూట ఒలుస్తున్న వెల్లుల్లి, చింతపండు ముందు బయటికి పంపించు.

చివర్లో ఒక్క వాక్యం రాసి వదిలేశావు, రాత్రుళ్ళు కారణం లేకుండా ఏడుపొస్తోందని. దాన్ని నేను వదిలెయ్యను. ఒకసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళు. రక్తం ఎంతుందో, థైరాయిడ్ ఎలా ఉందో చూపించుకో, ఈ ఏడుపు సంగతి కూడా దాచకుండా చెప్పు. ప్రసవమయ్యాక ఏడాదిలోపు ఇది చాలామందికి వస్తుంది, మందుంది, తగ్గుతుంది. ఎవరితోనూ చెప్పుకోలేకపోతే 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అని ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ డాక్టర్ ఖర్చుని "వ్యాపారానికి దండగ" అని మాత్రం అనుకోకు.

ఆపేయాలా అన్నదానికి జవాబు: ఇప్పుడే తేల్చకు. నిద్రలేని మనిషి తీసుకునే నిర్ణయం కాదది. కొత్త రేటుతో మూడు నెలలు నడుపు. ప్రతి వస్తువుకీ ఎన్ని గంటలు పట్టిందో గోడ మీద క్యాలెండర్‌లో రాయి. మూడు నెలలయ్యాక గంటకి ఎంత వచ్చిందో వస్తువు వారీగా చూడు. గంటకి 80 రానివి తీసెయ్. నా అంచనా, నీకు కందిపొడి, కరివేపాకు పొడి నిలబడతాయి, తడి తక్కువ, బరువు తక్కువ, పార్సిల్‌లో కారవు. గోంగూర పోతుంది, అది ఒలిచి, కడిగి, ఆరబెట్టడానికే సగం రోజు తినేస్తుంది. అన్నీ చూశాక కూడా గంటకి స్కూలు జీతమంత రాకపోతే, వెళ్ళి టీచరుగా చేరు. ఓడిపోయినట్టు కాదు, జాడీలు ఎక్కడికీ పోవు. పాపకి మూడేళ్ళొచ్చాక మళ్ళీ దించుకోవచ్చు. మా పక్కింటావిడ అలాగే చేసింది, ఇప్పుడు నాకు పోటీ.

ఈ ఆదివారం చేయాల్సింది మాత్రం ఒక్కటే. మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆవకాయతో మొదలుపెట్టి నీ దగ్గరున్న తొమ్మిది వస్తువులకీ పైన వేసినట్టు లెక్క వెయ్యండి. తెలియనిచోట నన్నడుగు, నేను ఏ సరుకు ఎంతకి తెస్తున్నానో దాచకుండా చెప్తాను. కాయలు కొట్టే మనిషి నంబరు లేదన్నావు. తెనాలి మార్కెట్లో కాయలమ్మేవాళ్ళ దగ్గరే కత్తిపీటతో కొట్టిచ్చేవాళ్ళు కూర్చుంటారు. సీజన్ మొదలవకముందే మాట్లాడి పెట్టుకో, మేలో అయితే దొరకరు.